ఏ ఊరి డ్రాగన్ ఆ ఊరిదే

అందరికీ నమస్కారం. ఎండ ఇంత మండుతున్నా వచ్చి కూర్చున్నారు, పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. చాలా సంతోషం.

ఒక బొమ్మ సంగతితో మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట ఒక పిల్లల పత్రికకి ఇంగ్లండ్ జానపద కథ ఒకటి తెలుగు చేసి ఇచ్చాను. అచ్చయి వచ్చాక చూస్తే బొమ్మలో నాలుగు కాళ్లు, గబ్బిలం రెక్కలు, నోట్లోంచి మంటలు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ కథలో జంతువుకి కాళ్లు లేవు, రెక్కలు లేవు, మంట అసలే లేదు. చిత్రకారుణ్ణి అనడానికేం లేదు. నేను 'డ్రాగన్' అని రాసి పంపాను, ఆయన మనందరికీ తెలిసిన డ్రాగన్‌నే వేశారు. సినిమాల్లో, వీడియో గేముల్లో చూసిచూసి మన కళ్లకి ఒక్కటే ఆకారం అలవాటైపోయింది. ఆ రోజు నుంచి, యూరప్‌లో ఏ ఊళ్లో ఏ డ్రాగన్ ఉందని చెప్పుకునేవారో వెతుక్కుంటూ చదువుతున్నాను. ఆ చదివినదే ఇవాళ మీతో పంచుకుంటాను.

ముందు ఆ కథ చెప్పేస్తాను. ఇంగ్లండ్‌కి ఉత్తరాన డరమ్ ప్రాంతం, అక్కడ వియర్ అనే నది. ఆ ఒడ్డున లాంబ్టన్ వంశం వాళ్ల పెద్ద ఇల్లు. ఆ ఇంటి కుర్రాడు ఆదివారం చర్చికి ఎగనామం పెట్టి చేపలు పట్టడానికి వెళ్లాడు. గాలానికి చేప పడలేదు గానీ, సన్నగా, నల్లగా, జారిపోతూ ఒక పురుగులాంటిది పడింది. దాన్ని ఇంటికి తీసుకెళ్లబుద్ధి కాక దారిలో ఉన్న బావిలో పడేశాడు. తర్వాత కుర్రాడు పెద్దవాడై దూరదేశం యుద్ధానికి వెళ్లిపోయాడు. బావిలోది పెరిగింది. పెరిగి పెరిగి బయటికొచ్చి, పక్కనున్న కొండకి చుట్టలు చుట్టుకుని పడుకునేంత అయింది. గొర్రెల్ని తింటోంది, పశువుల్ని తింటోంది. చివరికి లాంబ్టన్ ఇంటి మీదికే వచ్చింది. ఇంటి పెద్దాయన ఏం చేశాడంటే, రాతి తొట్టి నిండా పాలు పోయించాడు. తొమ్మిది ఆవుల పాలు. తాగి వెళ్లిపోయింది. ఇక రోజూ అదే లెక్క. ఒక్క రోజు కొలత తగ్గినా చెట్లు పెకలించేసేది.

పాల దగ్గరికి వచ్చేసరికి మీలో చాలామంది నవ్వుకున్నారు, చూశాను. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి పెరిగిన వాళ్లం కదా, ఆ తొట్టి పక్కన నిలబడిన పెద్దాయన గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో మనకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

దాన్ని నరికితే ముక్కలు మళ్లీ అతుక్కునేవి. ఏడేళ్లకి కుర్రాడు తిరిగొచ్చి, ఊరి మంత్రగత్తెలాంటి ఒక ముసలమ్మని అడిగాడు. కవచం నిండా ఈటె మొనలు బిగించుకో, నది మధ్య రాయి మీద నిలబడి పోరాడు అంది. అలాగే చేశాడు. అది చుట్టుకున్న కొద్దీ మొనలు దిగి ముక్కలైంది. ముక్కల్ని ప్రవాహం కొట్టుకుపోయింది, అతుక్కునే వీలు లేకపోయింది. కానీ ముసలమ్మ ఇంకో షరతు పెట్టింది. గెలిచాక ఎదురొచ్చిన మొదటి ప్రాణిని చంపాలి. బూర ఊదగానే వేటకుక్కని వదలమని ఇంట్లో చెప్పి వెళ్లాడు. బూర వినపడేసరికి తండ్రి ఆనందం పట్టలేక తనే పరుగెత్తుకొచ్చేశాడు. కన్నతండ్రిని ఎలా చంపుతాడు? కుక్కని చంపాడు. మాట తప్పినందుకు తొమ్మిది తరాల పాటు ఆ వంశంలో ఎవరూ మంచం మీద ప్రాణం విడవరని శాపం తగిలింది.

ఈ జంతువుని అక్కడివాళ్లు 'వర్మ్' అంటారు. ఇప్పటి ఇంగ్లీషులో వానపామైనా, గొంగళిపురుగైనా వర్మే. పాత ఇంగ్లీషులో మాత్రం 'వుర్మ్' అంటే పెద్ద సర్పం. అంటే నేను తెలుగులో 'మహాసర్పం' అని రాసి ఉండాల్సింది. రాసి ఉంటే బొమ్మ కూడా సరిగ్గా వచ్చేది.

ఇక డ్రాగన్ అన్న మాట సంగతి. ఇది గ్రీకు 'డ్రాకోన్' నుంచి లాటిన్ 'డ్రాకో' మీదుగా వచ్చింది. గ్రీకులో 'చూడటం' అనే అర్థమున్న ధాతువుతో దీనికి చుట్టరికం ఉందంటారు. రెప్ప వెయ్యని చూపు. పాముకి కనురెప్పలు ఉండవు కదా, అందుకే గ్రీకుల డ్రాకోన్ ముందుగా కాపలాదారు. హెస్పెరిడీస్ తోటలో బంగారు ఆపిళ్ల చెట్టుని చుట్టుకుని లాడోన్ అనేది ఉండేది. కోల్కిస్‌లో బంగారు గొర్రెచర్మాన్ని కాచేది ఇంకొకటి, దానికి నిద్ర అన్నదే లేదు. మెడియా అనే మంత్రగత్తె మందు పెట్టి నిద్రపుచ్చితేనే జేసన్ అనే వీరుడు ఆ చర్మాన్ని తీసుకోగలిగాడు. వీటికి రెక్కలూ మంటలూ ముఖ్యం కాదు. కాపలా ముఖ్యం. గ్రీసులో థీబ్స్ నగరం దగ్గర ఊటబావిని కాచే సర్పాన్ని కాడ్మస్ అనే వీరుడు చంపి, దాని పళ్లని విత్తనాల్లా నేలలో చల్లితే సాయుధులైన మనుషులు మొలిచారంటారు.

రోమన్ రచయిత ప్లినీ ఈ జంతువులు మన దేశంలో ఉన్నాయని రాశాడు. భారతదేశంలో డ్రాకోలు ఏనుగులకి చుట్టుకుని చంపుతాయట, ఏనుగు కూలుతూ తన బరువుతో వాటిని నలిపేస్తుందట, రెండూ కలిసే చస్తాయట. మనకి వాళ్ల డ్రాగన్లు వింతైతే, వాళ్ల దృష్టిలో అవి ఉండేది మన అడవుల్లో.

తెలుగులో ఈ మాట కోసం మనకన్నా ముందు కష్టపడినవాళ్లు బైబిల్ అనువాదకులు. ప్రకటన గ్రంథం పన్నెండో అధ్యాయంలో ఏడు తలలు, పది కొమ్ములు ఉన్న ఎర్రని డ్రాగన్ వస్తుంది. దానికి తెలుగు బైబిల్లో 'మహా ఘటసర్పం' అని పెట్టారు. ఎంత బరువైన మాటో చూడండి. పలికితేనే భయమేస్తుంది. యూరప్‌లో మధ్యయుగాల చర్చి చెప్పిన డ్రాగన్ అంతా ఈ ఘటసర్పం నీడే. డ్రాగన్ అంటే సైతాను, దాన్ని చంపేది సాధువు.

రకాల గురించి పుస్తకాలు తెరిస్తే ముందు కాళ్ల లెక్క కనిపిస్తుంది. నాలుగు కాళ్లు, రెండు రెక్కలు ఉంటే డ్రాగన్. రెండే కాళ్లు, రెండు రెక్కలు అయితే వైవర్న్. కాళ్లు లేకుండా రెక్కలుంటే ఆంఫిప్టెర్. రెక్కల్లేని పొడుగుపాటి శరీరం అయితే లిండ్‌వర్మ్. పిల్లలకి ఇది పరీక్షలో ప్రశ్నలా కంఠతా వచ్చేస్తుంది. కానీ ఈ లెక్క వంశచిహ్నాలు చిత్రించేవాళ్లది. డాలు మీద, జెండా మీద ఏ కుటుంబానికి ఏ జంతువో తేడా తెలియాలి, అందుకని గీత గీశారు. డ్రాగన్‌కీ వైవర్న్‌కీ మధ్య ఆ కచ్చితమైన గీత కూడా బ్రిటన్‌లోనే, పదహారో శతాబ్దం నాటికి స్థిరపడింది. మిగతా యూరప్ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇటలీ చిత్రకారుడు ఉచెల్లో 1470 ప్రాంతంలో సెయింట్ జార్జ్ బొమ్మ వేశాడు, ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో డ్రాగన్‌కి రెండే కాళ్లు. అది వైవర్న్ అని ఉచెల్లోకి ఎవరూ చెప్పలేదు.

పల్లెల్లో కథ చెప్పుకునేవాళ్లు కాళ్లు లెక్కపెట్టలేదు. అది ఏం చేస్తుంది? నీళ్లు ఆపుతుందా, నిధి మీద కూర్చుంటుందా, వడగళ్లు తెస్తుందా, ఇంట్లోకి పాలు తెస్తుందా? వాళ్లకి కావలసింది అది. నేను కూడా అలా చూడటం మొదలుపెట్టాకే ఇవి నాకు వేరువేరుగా కనపడటం మొదలైంది.

నిధి నుంచి మొదలుపెడదాం. మన దగ్గర లంకెబిందెలకి పాము కాపలా అంటాం, డబ్బు ఖర్చుపెట్టనివాణ్ణి ధనం మీద పాములా కూర్చున్నాడంటాం. ఉత్తర యూరప్ వాళ్లకి ఈ మాట చెబితే వెంటనే అర్థమవుతుంది. 'బేవుల్ఫ్' అనే పాత ఇంగ్లీషు కావ్యం ఒకే ఒక్క రాతప్రతిలో మిగిలింది, అది కూడా 1731లో అగ్నిప్రమాదంలో అంచులు కాలి బయటపడింది. అందులో డ్రాగన్ మూడు వందల ఏళ్లు ఒక సమాధి గుట్టలో బంగారం మీద పడుకుని ఉంటుంది. ఆ బంగారం దానిది కాదు. తన జాతి మొత్తం పోయి ఒంటరిగా మిగిలిన ఒక మనిషి దాచిపెట్టుకున్నది. ఒకడు వచ్చి ఒక్క గిన్నె ఎత్తుకుపోతాడు. నిద్రలేచిన డ్రాగన్ రాళ్ల చుట్టూ వాసన చూస్తూ తిరుగుతుంది. ఒక్క గిన్నె కోసం రాత్రికి రాత్రి ఊళ్లు తగలబెడుతుంది. మనం ఇవాళ అనుకునే మంట, ఎగరడం, నిధి, మూడూ ఒకే జంతువులో ఉన్నది ఇదిగో, ఇక్కడ. ముసలివాడైన రాజు బేవుల్ఫ్ ఇనప డాలు చేయించుకుని దాన్ని ఎదిరిస్తాడు. వెంట వచ్చినవాళ్లంతా అడవిలోకి పారిపోతే విగ్లాఫ్ అనే కుర్రాడొక్కడే పక్కన నిలబడతాడు. డ్రాగన్ చస్తుంది, రాజూ చస్తాడు. చచ్చిపడిన డ్రాగన్‌ని కవి కొలిచి చెబుతాడు, యాభై అడుగులు అని. బంగారాన్ని మళ్లీ రాజుతో పాటే మట్టిలో పెట్టేస్తారు.

స్కాండినేవియా వాళ్ల ఫాఫ్నిర్ కథ ఇంకో రకం. ఇతను పుట్టుకతో మనిషి. బంగారం కోసం కన్నతండ్రినే చంపి, తమ్ముడు రెగిన్‌కి వాటా ఇవ్వకుండా, ఆ బంగారం మీద పడుకుని పడుకుని సర్పమైపోయాడు. ఇతను ఎగరడు, విషం కక్కుతాడు. రెగిన్ కమ్మరి. సిగుర్డ్ అనే యువకుడికి కత్తి చేసిచ్చి, అన్నని చంపమని పంపిస్తాడు. ఫాఫ్నిర్ నీళ్లు తాగడానికి వెళ్లే దారిలో సిగుర్డ్ గొయ్యి తవ్వుకుని కూర్చుని, పైనుంచి పాకుతుంటే కిందనుంచి పొడుస్తాడు.

స్వీడన్‌లో ఎస్కిల్‌స్టూనా అనే ఊరికి దగ్గరలో, రామ్‌సుండ్ అనే చోట ఒక బండ మీద ఈ కథంతా చెక్కి ఉంది. సుమారు 1030 నాటిది. ఫోటోలు మీరు ఫోన్లో చూడొచ్చు, కానీ దాన్ని ఎలా చదవాలో చెబుతాను. ముందు బండ అంచు చుట్టూ తిరిగిన పొడవాటి సర్పాన్ని చూడండి. అదే ఫాఫ్నిర్. కింద అంచున ఒక మనిషి మోకాలు వంచి కత్తిని పైకి పొడుస్తున్నాడు. ఇప్పుడు సర్పం లోపలి భాగానికి రండి. ఒకతను మంట దగ్గర కూర్చుని పుల్లకి గుచ్చి ఏదో కాలుస్తున్నాడు. ఫాఫ్నిర్ గుండెకాయ. రెగిన్ తనకి కాల్చి పెట్టమన్నాడు. ఉడికిందో లేదో అని సిగుర్డ్ వేలితో నొక్కి చూస్తే చురుక్కుమంది, వెంటనే బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. వంటింట్లో మనం రోజూ చేసే పనే. ఆ నోట్లో వేలిని తొమ్మిది వందల తొంభై ఏళ్ల కిందటి శిల్పి వదలకుండా చెక్కాడు. డ్రాగన్ నెత్తురు నాలుకకి తగలగానే అతనికి పక్షుల భాష తెలిసిపోయింది. పక్కనే చెట్టు, చెట్టు మీద పక్షులు, చెట్టుకి కట్టేసిన గుర్రం. రెగిన్ నిన్ను చంపబోతున్నాడు అని పక్షులు మాట్లాడుకుంటున్నాయి. ఎడమవైపు చూడండి, సుత్తి, పటకారు, కొలిమితిత్తి, వాటి మధ్య తల లేని రెగిన్.

ఇక ఆ సర్పం ఒంటి మీదే రాత ఉంది, రూన్ అనే పాత ఉత్తర యూరప్ లిపిలో. సిగ్రిద్ అనే ఆవిడ హోల్మ్‌గేర్ అనే ఆయన ఆత్మశాంతి కోసం వంతెన కట్టించిందని. ఆవిడ తండ్రి పేరు ఓర్మ్. ఓర్మ్ అంటే ఆ భాషలో పామే. క్రైస్తవం వచ్చేసింది, పుణ్యం కోసం వంతెన కట్టించారు, కానీ దాని గురించి రాయించడానికి పాత డ్రాగన్ ఒళ్లే కావలసొచ్చింది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని రాయి ఇది.

సాధువుల డ్రాగన్ల సంగతి కొంచెం. సెయింట్ జార్జ్ కథ పదమూడో శతాబ్దంలో వొరాజిన్ ఊరి యాకోబస్ అనే మతగురువు రాసిన సాధువుల చరిత్రతో యూరప్ అంతా పాకింది. మద్రాసు కోటకి ఉన్న పేరు ఈ జార్జ్‌దే. లిబియాలో సిలీన్ అనే ఊరు, ఊరి చెరువులో డ్రాగన్. దాని ఊపిరి తగిలితేనే జనం చచ్చేవారు. రోజుకి రెండు గొర్రెలు పెట్టేవారు. గొర్రెలు అయిపోవస్తుంటే ఒక గొర్రె, ఒక మనిషి. చీటీలు వేసేవారు. ఒక రోజు చీటీ రాజుగారి కూతురికి వచ్చింది. ఇక్కడిదాకా మన బకాసురుడి కథ విన్నట్టే ఉంటుంది. తర్వాత జరిగేది వేరు. జార్జ్ దాన్ని బల్లెంతో పొడుస్తాడు, కానీ చంపడు. నీ నడికట్టు దాని మెడకి వెయ్యమ్మా అంటాడు ఆ అమ్మాయితో. వేస్తే అది పెంపుడు కుక్కలా ఆవిడ వెనకాల ఊళ్లోకి నడిచివస్తుంది. ఊరంతా బాప్తిస్మం తీసుకుంటేనే చంపుతానని అప్పుడంటాడు. ఉచెల్లో బొమ్మలో ఆ రెండు సంగతులూ ఒకేసారి ఉంటాయి. బల్లెం కంట్లో దిగి ఉంటుంది, మెడకి కట్టిన తాడు మాత్రం అమ్మాయి చేతిలో ఉంటుంది.

పోర్చుగల్ ఉత్తరాన మొన్సావ్ అనే ఊళ్లో కార్పస్ క్రిస్టీ పండగనాడు ఈ పోరు ఇప్పటికీ ఆడతారు. అక్కడి డ్రాగన్ పేరు కోకా, ఆడది. చక్రాల మీద నడిచే పెద్ద బొమ్మ, లోపల మనుషులుంటారు. ఎదురుగా నిజం గుర్రం మీద జార్జ్. గుర్రం బెదిరిపోతే కోకా గెలిచినట్టు, ఆ ఏడు పంటలు దెబ్బతింటాయి. జార్జ్ దాని చెవులు నరికితే పంటలు పండుతాయి. నాటకం అని తెలుసు, అయినా గుర్రం వెనక్కి అడుగేస్తే రైతులకి టెన్షన్. ఫ్రాన్స్‌లో తరాస్కోన్ అనే ఊరికి ఆ పేరే తరాస్క్ అనే డ్రాగన్ నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. సింహం తల, తాబేలు డిప్ప, ఆరు కాళ్లు. కాళ్ల లెక్క వేసేవాళ్లు దీన్ని ఏ గడిలో పెడతారో! సెయింట్ మార్తా ప్రార్థనతో లొంగదీసి తీసుకొస్తే, భయం తీరని ఊరివాళ్లు రాళ్లతో కొట్టి చంపేశారు. లొంగిపోయిన జంతువుని చంపామన్న బాధతోనే తర్వాత అందరూ మతం మారారని కథ. నాకు జార్జ్ కన్నా మార్తా దగ్గరే మనసు ఆగుతుంది.

వేల్స్‌లో మాత్రం డ్రాగన్ శత్రువు కాదు. జెండా మీద ఎర్ర డ్రాగన్, 1959లో అధికారికంగా ఖరారైంది. దాని కథ తొమ్మిదో శతాబ్దపు లాటిన్ చరిత్రలోనే ఉంది. రాజు వోర్టిగెర్న్ కోట కట్టిస్తుంటే కట్టింది కట్టినట్టే మాయమవుతోంది. తండ్రి లేని పిల్లవాణ్ణి బలివ్వాలన్నారు. ఆ పిల్లవాడే, నేల కింద తవ్వండి, నీటిగుంట ఉంది, అందులో రెండు పాములున్నాయి అన్నాడు. ఎర్రది, తెల్లది. ఎర్రది తమ జనం, తెల్లది మీదికొచ్చిన సాక్సన్లు. ముందు ఎర్రది ఓడిపోతూ ఉంటుంది, చివరికి తెల్లదాన్ని తరిమేస్తుంది. పాత లాటిన్ పాఠంలో వీటికి వాడిన మాట కూడా 'పురుగులు' అనే. అవి జెండా ఎక్కేసరికి నాలుగు కాళ్లూ రెక్కలూ వచ్చాయి.

తూర్పుకి వెళ్లేకొద్దీ సంగతి ఇంకా మారిపోతుంది. రష్యా పాటల్లో మూడు తలల డ్రాగన్ జ్మేయ్ గొరీనిచ్ ఆడపిల్లల్ని ఎత్తుకుపోయేవాడే. కానీ బల్గేరియాలో జ్మేయ్ మగవాడు, ఊరి కాపలాదారు. వడగళ్లు తెచ్చేది, ఊటలు బంధించేది లామియా, హలా అనే ఆడ సర్పాలు. ఉరుములు వినపడితే పైన జ్మేయ్ వాటితో కొట్లాడుతున్నాడన్నమాట. మన పంటచేల కోసం. ప్రతి ఊరికీ తన జ్మేయ్ ఉండేవాడు, పొరుగూరి పొలాల మీద వడగళ్లు పడితే మనవాడు గెలిచాడనుకునేవారు. సెర్బియాలో ఇంకో ముచ్చట. కొందరు మనుషుల్లో డ్రాగన్ అంశ ఉంటుందట. మబ్బు కమ్మగానే పనిలో ఉన్నవాడు ఉన్నట్టుండి గాఢనిద్రలో పడిపోతాడు. లేపకూడదు. ఆత్మ మబ్బుల్లోకి వెళ్లి యుద్ధం చేస్తోంది.

ఇదే జ్మేయ్ ఊరి అమ్మాయిని ప్రేమిస్తాడు కూడా. ఆ అమ్మాయి చిక్కి శల్యమైపోతుంది, తల దువ్వుకోదు, కూడికలకి రాదు, ఎవరితోనూ మాట్లాడదు. 'జ్మేయ్ ప్రేమించిన పిల్ల' అంటారు. తల్లి కొన్ని మూలికలు మరగబెట్టి ఆ నీళ్లతో స్నానం చేయిస్తుంది. పెళ్లి వయసు పిల్ల ఉన్నట్టుండి మౌనంగా అయిపోతే ఆ తల్లి మనసు పడే వేదనకి ఊళ్లో ఉన్న పేరు జ్మేయ్. బల్గేరియా జానపద పాటల్లో ఇవి చాలా ఉన్నాయి, ఎవరైనా తెలుగులోకి తెస్తే బాగుండును.

లిథువేనియాలో డ్రాగన్ ఇంట్లోనే ఉంటుంది. పేరు అయిత్వారస్. ఇంట్లో ఉన్నంతసేపూ నల్ల కోడిపుంజులా కనిపిస్తుంది, బయటికెళితే నిప్పుతోకతో ఆకాశంలో పోతుంది. పక్కింటి గాదెలో గింజలు, పాలు, డబ్బు ఎత్తుకొచ్చి యజమాని ఇంట్లో పోస్తుంది. దానికి ఆమ్లెట్టు పెట్టాలి. మరచిపోయారో, ఇల్లు తగలబెడుతుంది. ఒకసారి వచ్చాక వదిలించుకోవడం మహా కష్టం. లిథువేనియా భాషలో మొట్టమొదట అచ్చైన పుస్తకం 1547 నాటి క్రైస్తవ ప్రశ్నోత్తరి. జనం ఇంకా అయిత్వారస్‌ని కొలుస్తున్నారని అందులో మతగురువు వాపోయాడు. ఒక భాష అచ్చులోకి వచ్చిన మొదటి రోజునే ఇంటి డ్రాగన్ మీద ఫిర్యాదు ఉంది చూశారా. పక్కింటివాళ్లకి ఉన్నట్టుండి కలిసొస్తే ఊరు ఏమనుకుంటుందో అక్కడా ఇక్కడా ఒకటే.

ఒక్కటి మీకోసం ప్రత్యేకంగా తెచ్చాను. ఫ్రాన్స్ తూర్పున ఫ్రాంష్-కోంతే కొండల్లో వువీవ్ర్ అనే ఎగిరే సర్పం ఉంది. దాని నుదుట మండే ఎర్రటి మణి. నీళ్లలో దిగేటప్పుడు మణిని తీసి ఒడ్డున పెడుతుంది. ఆ కాసేపట్లో మణిని కొట్టేసినవాడు కోటీశ్వరుడు, దొరికిపోయినవాడు శవం. దీన్ని 'నాగమణి' అని తెలుగు చెయ్యడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు.

చివరగా ఎముకల సంగతి. ఇవన్నీ ఊహలే అయితే జనం అంత గట్టిగా ఎలా నమ్మారని పిల్లలు అడుగుతుంటారు. కొన్నిచోట్ల వాళ్ల చేతిలో ఆధారం ఉంది. ఆస్ట్రియాలో క్లాగెన్‌ఫుర్ట్ ఊళ్లో 1335లో ఒక పెద్ద పుర్రె దొరికింది. లిండ్‌వర్మ్ తల అన్నారు. పదహారో శతాబ్దం చివర్లో ఊరి కూడలిలో డ్రాగన్ విగ్రహం చెక్కినప్పుడు తలకి ఆ పుర్రెనే నమూనాగా పెట్టుకున్నారు. అది మంచుయుగం నాటి బొచ్చు ఖడ్గమృగానిది. పోలండ్‌లో క్రాకోవ్ కోట కొండ మీద చర్చి గుమ్మం దగ్గర గొలుసులతో వేలాడదీసిన ఎముకలు ఇప్పటికీ ఉన్నాయి. ఊరివాళ్లు వావెల్ డ్రాగన్‌వి అంటారు, చూసినవాళ్లు మామత్, ఖడ్గమృగం, తిమింగలం ఎముకలంటారు. గంధకం కూరిన గొర్రెని మింగి, దాహం తీరక విస్తులా నది నీళ్లు తాగి తాగి పొట్ట పగిలి చచ్చిన డ్రాగన్ అది. ఆ ఎముకలు కింద పడిన రోజు లోకం అంతమైపోతుందట.

మోసం చేసినవాళ్లూ ఉన్నారు. 1735లో హాంబర్గ్‌లో ఏడు తలల హైడ్రా అని ఒకదాన్ని చాలా ఖరీదు చెప్పి చూపిస్తున్నారు. స్వీడన్ కుర్రాడు, ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ దగ్గరికెళ్లి చూశాడు. దవడలూ పాదాలూ చూడ్డానికి ముంగిసలా ఉండే వీజెల్ అనే జంతువువి, పైన పాము చర్మాలు అతికించారు. ప్రకటన గ్రంథంలోని ఏడు తలల మృగాన్ని చూపించి జనాన్ని భయపెట్టడానికి ఏ సన్యాసులో చేసి ఉంటారని అనుకున్నాడు. ఆ మాట బయట అనేసి, యజమానులకి కోపం వస్తుందని ఊరు వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. తర్వాత అదే లినేయస్ జంతువులకి పేర్లు పెడుతూ, చెట్టు మీంచి చెట్టుకి తేలుతూ వెళ్లే చిన్న బల్లి జాతికి 'డ్రాకో' అని పేరుపెట్టాడు. వాటి చుట్టం ఒకటి మన పశ్చిమ కనుమల్లో ఉంది, అరచేతిలో పట్టేంత.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది స్లొవేనియాలో ఉంది. అక్కడి కొండలు సున్నపురాయివి, లోపలంతా గుహలు, నేల కింద నదులు. వ్రహ్నికా అనే ఊరి దగ్గర ఒక ఊట ఉంది. పేరు లింట్‌వెర్న్, అంటే లిండ్‌వర్మ్. పెద్ద వాన పడ్డాక ఆ ఊట ఒక్కసారిగా పొంగేది. లోపల గుహలో తల్లి డ్రాగన్ ఉంది, దాని ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు బయటికి తోసేస్తుంది అనేవారు. అబద్ధం అనడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ నీళ్లతో పాటు పిల్లలు కూడా కొట్టుకొచ్చేవి. జానెడు పొడుగు, మనిషి చర్మంలాంటి లేత గులాబీ రంగు, కళ్లు లేవు, నాలుగు చిన్న కాళ్లు, మెడకి రెండు వైపులా ఎర్రటి కుచ్చుల్లాంటి మొప్పలు. 1689లో వాల్వజోర్ అనే పండితుడు దీని గురించి రాస్తూ, ఇది డ్రాగన్ పిల్ల కాదు, నేల కింద బతికే పురుగు అన్నాడు. ఆయన చెప్పినది సగం నిజం. ఇప్పుడు దాన్ని ఓల్మ్ అంటారు. చీకటి గుహ నీళ్లలోనే పుట్టి, అక్కడే గుడ్లు పెట్టి, అక్కడే చనిపోయే జీవి. తిండి లేకుండా ఏళ్ల తరబడి ఉండగలదు, వందేళ్ల దాకా బతుకుతుందని అంచనా.

2016లో పోస్టోయ్నా గుహలో సందర్శకులు చూసే తొట్టిలో ఒక ఓల్మ్ అరవైకి పైగా గుడ్లు పెట్టింది. గుహ వాళ్లు ఆ తొట్టికి తెరలు కట్టి, వెలుతురు తగలకుండా నెలల తరబడి కాపలా కాశారు. చివరికి 21 పిల్లలు దక్కాయి. వార్తలన్నిటిలో ఒకటే మాట, 'డ్రాగన్ పిల్లలు పుట్టాయి' అని.

ముందు వరసలో పాప ఇందాకట్నుంచీ చెయ్యెత్తే ఉంది. అడుగమ్మా, ఏమిటి నీ ప్రశ్న?